ఐసుపెట్టెలో దీపం

ప్రొద్దుటూరు చుట్టుపక్కల గ్యాసులైట్ల నూరుల్లా తెలియని మనిషి ఎవరైనా ఉన్నారంటే, ఆ మనిషికి ఇంకా పెళ్ళి కాలేదని అర్థం. ఇటు జమ్మలమడుగు, అటు పులివెందుల, ఏ ఊళ్ళో ఊరేగింపు కదలాలన్నా నూరుల్లా లైట్లు నెత్తిన పెట్టుకుని మనుషులు ముందు నడవాల్సిందే. చెడిపోయిన లైటు ఆయన చేతిలో పడితే బాగుపడకుండా పోయింది లేదు. అంతవరకూ మంచి మనిషే. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. చేసిన పని ఎట్లా చేశాడో మొదటినుంచీ చివరిదాకా చెప్పందే ఆయన ఎవరినీ వదలడు. వాషరు దగ్గర మొదలుపెడితే వెలుగిచ్చే మేంటిల్ గుడ్డ దాకా వచ్చేసరికి వినేవాళ్ళకు ఆకలేస్తుంది. భార్య ఖైరున్నీసా అయితే వాషరు దగ్గరే నిద్రపోయేది.

ఆంధ్ర రాష్ట్రం కాస్తా ఆంధ్రప్రదేశ్ అయి మూడు నాలుగేళ్ళయిన కాలమది. టౌనుల్లో కరెంటు దీపాలు వచ్చేశాయి. కరెంటు లేని పల్లెలకు కడపనుంచి ఒక జనరేటరు ఆయన లారీ వేసుకుని వచ్చి పందిరి నిండా ట్యూబులైట్లు కట్టడం మొదలుపెట్టాడు. ఆ వేసవిలో నాలుగు పెళ్ళిళ్ళవాళ్ళు నూరుల్లా దుకాణం ముందునుంచే నడిచిపోయి ఆ జనరేటరు ఆయనకు తాంబూలం ఇచ్చి వచ్చారు. నూరుల్లా పైకి నవ్వాడు గానీ, ఆయనకు గుండెల్లో రాయి పడింది.

మిగిలిన పెద్ద పెళ్ళి ఒక్కటే. వేములలో ఊరి పెద్ద ఆదినారాయణ కూతురి పెళ్ళి. ఆదినారాయణ ఎట్లా చేస్తే చుట్టూ పది ఊళ్ళు అట్లా చేస్తాయి. ఆ పందిట్లో తన లైట్లు వెలిగితే ఇంకో పదేళ్ళు అన్నానికి కొదవుండదు. ట్యూబులైట్లు వెలిగాయా, దుకాణం మూసుకోవడమే.

అటువంటి సమయంలో ఆదినారాయణే కబురు పంపాడు. అయితే పెళ్ళి లైట్ల కోసం కాదు, ఐసుపెట్టె కోసం.

ఊరి దగ్గరి ముగ్గురాళ్ళ గని ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ, కిరసనాయిలుతో నడిచే చిన్న ఐసుపెట్టెను ఆదినారాయణకు అమ్మిపోయాడు. కింద మంట పెడితే పైన చల్లబడుతుందని చెబితే వేములలో ఒక్కరూ నమ్మలేదు. చేయిపెట్టి చూసి, నమ్మక తప్పక, ఇంటికి పోయి మళ్ళీ నమ్మడం మానేశారు. మంటకు గాలి తగలకూడదని దాన్ని మిద్దెలో నడిమింట్లో పెట్టారు. ఆ నడిమింట్లో పట్టపగలు కూడా ఎవరి చెయ్యి వాళ్ళకు కనబడదు. పెళ్ళికి నెయ్యి కాచడానికని ఆదినారాయణ తల్లి తిరుపాలమ్మ కూడబెట్టిన వెన్నంతా అందులో ఉండేది. బుడ్డిదీపం పట్టుకుని చూస్తే పొగకు వెన్న నల్లబడింది. దీపం లేకుండా చెయ్యి పెట్టిన ఆదినారాయణ, నిమ్మకాయ నీళ్ళనుకుని బర్రెల కోసం దాచిన మందు గటగటా తాగేశాడు. బర్రెకు తగ్గాల్సిన రోగం ఆయనకు వచ్చి, ఒక పూటంతా చెంబు వదల్లేదు. ఆ కోపంలోనే కబురు పంపాడు, దీంట్లో వెలుతురు పెట్టగలిగితే పెళ్ళి లైట్లు నీవేనని.

ఇది వినగానే నూరుల్లాకు ప్రాణం లేచొచ్చింది. టార్చిలైటు బల్బు, రెండు కొత్త సెల్లులు, వాషరు కోయడానికి సైకిలు ట్యూబు ముక్క, తీగ, ఇంత ఇత్తడి రేకు మూట కట్టుకుని బస్సెక్కాడు. బల్బు పెట్టడం ఏమంత పని కాదు. కానీ అది ఎప్పుడూ వెలుగుతుంటే సెల్లులు రెండు రోజుల్లో చచ్చిపోతాయి. అందుకని ఆయన ఇత్తడి రేకుతో ఒక చిన్న నాలుక చేశాడు. దాని ముందు ఒక చెక్క పుల్ల. తలుపు మూస్తే పుల్ల నాలుకను నొక్కుతుంది, తీగ విడిపోతుంది, బల్బు ఊరుకుంటుంది. తలుపు తెరిస్తే నాలుక లేస్తుంది, బల్బు వెలుగుతుంది. ఎవరూ చెప్పకుండా తన బుర్రలో పుట్టిన ఆ నాలుకను చూసుకుని నూరుల్లా మురిసిపోయాడు. అంత మంచి పని తన జన్మలో చేయలేదనిపించింది.

అంతా అయ్యాక తలుపు మూసి, ఇంటిల్లిపాదినీ నడిమింట్లోకి పిలిచాడు. నాటకంలో తెర తీసినట్టు తలుపు లాగాడు.

లోపల తెల్లటి గోడలమీద వెలుతురు పడి వెన్న ముద్దలు వెండిలాగా మెరిశాయి. తిరుపాలమ్మ రెండు చేతులూ జోడించి, కళ్ళకద్దుకుంది. సందెవేళ దీపం పెట్టగానే చేసే దండమే అది. కోడలు వసంతమ్మ పెట్టింది. పనివాళ్ళు పెట్టారు. మందు తాగిన ఆదినారాయణ కూడా పెట్టాడు. నూరుల్లాకు ఒళ్ళు గాలిలో తేలిపోయింది. అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

తలుపు మూస్తే ఏమౌతుందని వసంతమ్మ అడిగింది. ఆయనకు కావాల్సిందీ ఆ ప్రశ్నే.

“మూస్తానే ఆరిపోతాదమ్మా,” అన్నాడు నూరుల్లా, ఛాతీ పొంగించి.

పెళ్ళి కుదిరిన ఇంట్లో, అప్పుడే దండం పెట్టిన దీపాన్ని పట్టుకుని ఆరిపోతుందన్నాడు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు తిరుగుతున్న మనిషి! పందిట్లో లైటు తీసేటప్పుడు కూడా ‘దించుకుంటా’ అనేవాడే తప్ప ‘ఆర్పుతా’ అన్న మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. దీపం కొండెక్కిందనాలి గానీ ఆరిందనకూడదని ఆయనకు కొత్తగా నేర్పాల్సిన పనీ లేదు. ఆ నాలుక చూసుకున్న గర్వంలో ఈ నాలుక జారింది.

తిరుపాలమ్మ తెరిచిన ఐసుపెట్టె తలుపు ముందు పీట వేసుకుని కూర్చుంది. పెళ్ళి కుదిరిన ఇంట్లో, దండం పెట్టిన చేత్తో దీపాన్ని ఆర్పడానికి వీల్లేదంది. అది తలుపు మూయడమైనా సరే, తీగ పీకడమైనా సరే. ఇది దీపం కాదవ్వా, టార్చిలైటు లాంటిది, టార్చిని ఎన్నిసార్లు ఆర్పుకోవడంలేదని నూరుల్లా బతిమాలాడు.

“టార్చికి ఎవురన్నా దండం పెడతారా అప్పా? దీనికి పెట్టినాం గదా,” అంది తిరుపాలమ్మ.



తలుపు తెరిచే ఉంది. కింద మంట మండుతోంది, పైన చలవ నడిమింట్లోకి కారిపోతోంది. గంటలో ఊరంతా పాకింది, ఆదినారాయణ ఇంట్లో చల్లటి దీపం వెలిసిందని. ఆడవాళ్ళు వచ్చి దండం పెట్టి, ఆ ఎండల్లో అంత చలవ ఎక్కడ దొరుకుతుందని, అక్కడే చతికిలబడ్డారు. ఎవరో పసుపు కుంకుమ పెట్టారు. ఒకామె కొబ్బరికాయ కూడా తెచ్చింది. ఐసుపెట్టెకు కొడితే సొట్టపడుతుందని నూరుల్లా అడ్డం పడితే, నీకు భక్తి లేదని ఆమె కసురుకుంది. లోపల వెన్న ముద్దలు ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టాయి.

ఆదినారాయణ నూరుల్లాను పక్కకు పిలిచాడు. సాయంత్రం జనరేటరు ఆయన మాట్లాడటానికి వస్తున్నాడని, ఆ తలుపు అప్పటికి మూసుకోకపోతే తాంబూలం ఎవరికి పోతుందో నువ్వే చూసుకోమని చెప్పాడు. అంతకన్నా గట్టిగా తల్లి ముందు మాట్లాడే ధైర్యం ఆయనకూ లేదు.

నూరుల్లా తల పట్టుకుని గడపమీద కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి తాను వెలిగించిన లైటును తానే తిట్టుకున్నాడు. అంత మంచి సెల్లులు ఎందుకు కొన్నానా, పాతవి వేసుంటే ఈపాటికి వాటంతట అవే పోయేవి గదా అనుకున్నాడు. కొండెక్కడం ఎవరి తప్పూ కాదు. కానీ ఆ సెల్లులు ఇంకా పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి.

వెన్న నుంచి మొదటి బొట్టు కింద పడింది. తిరుపాలమ్మ దాన్ని చూసింది. ఆ వెన్న ఆమె తన చేత్తో చిలికింది. కాసేపు బొట్టునూ, కాసేపు బల్బునూ చూసి, నూరుల్లాను దగ్గరికి పిలిచింది.

“మూస్తే ఆరిపోతాదని చెప్తాండావే. మూసినంక అది ఆరింది నువ్వు చూసినావా?”

నూరుల్లా నోరు తెరిచాడు. నాలుకా, పుల్లా, విడిపోయే తీగా, అంతా నోటి చివరిదాకా వచ్చింది. తన జన్మలో చేసిన అన్నిటికన్నా మంచి పని అది. చెబితే దీపం ఆరుతుందని ఊరంతటి ముందు రుజువౌతుంది. చెప్పకపోతే ఆ నాలుక ఉందని కూడా ఎవరికీ తెలియదు. ఆదినారాయణ గుడ్లురిమి చూస్తున్నాడు. రెండో బొట్టు పడింది.

“ల్యాదవ్వా. చూడలా,” అన్నాడు.

“మరి చూడంది చెప్పొచ్చునా?” అని కసిరి, తిరుపాలమ్మ తానే లేచి తలుపు మూసింది. తెరిచింది. వెలుగుతోంది. మూసి, ఇంకోసారి తెరిచింది. వెలుగుతూనే ఉంది. ఎప్పుడు చూసినా వెలిగే దీపం మధ్యలో ఎందుకు ఆరుతుందని చుట్టూ ఉన్నవాళ్ళను అడిగింది. ఎందుకారుతుందని వాళ్ళూ అన్నారు.

సాయంత్రం తాంబూలం నూరుల్లాకే వచ్చింది. జనరేటరు ఆయన మజ్జిగ తాగి పోయాడు.

పెళ్ళి ఘనంగా జరిగింది. ఊరేగింపులో నూరుల్లా లైట్లు పట్టపగలు చేశాయి. వచ్చిన చుట్టాలందరినీ తిరుపాలమ్మ నడిమింట్లోకి తీసుకుపోయి ఐసుపెట్టె చూపించింది. జమ్మలమడుగు నుంచి వచ్చిన వియ్యంకుడు, రెండు సెల్లులతో రాత్రీ పగలూ ఇన్నాళ్ళు ఎట్లా వెలుగుతోందని ముక్కున వేలేసుకున్నాడు. అంతా ఈ ఇంటి పుణ్యమని ఆమె చెప్పింది. పక్కనే లైటుకు గాలి కొడుతున్న నూరుల్లా ఆ మాట విన్నాడు. పుణ్యమా, పుల్లా! ఆ ఉక్రోషంలో గాలి ఎక్కువ కొట్టేసరికి మేంటిల్ బూడిదై వియ్యంకుడి కొత్త పంచెమీద రాలింది.

ఇంటికి పోయి కనీసం ఖైరున్నీసాకైనా చెప్పుకుందామనుకున్నాడు. ఇత్తడి రేకు దాకా వచ్చేసరికి ఆమె గురక పెట్టింది.

పెళ్ళయిన నెలకు వేముల నుంచి మళ్ళీ కబురు వచ్చింది, అవ్వ ఉన్నపళంగా రమ్మంటోందని. నూరుల్లాకు విషయం అర్థమైంది. సెల్లులు అయిపోయి ఉంటాయి. ఎన్నటికీ ఆరని దీపమని ఊరంతా నమ్మిన తర్వాత, ఇప్పుడు ఆమెకు ఏమని చెప్పుకోవాలి? అందరి ముందూ నిలబెట్టి అడిగితే తన పరువుతో పాటు మిగిలిన పెళ్ళిళ్ళూ పోతాయి. కొత్త సెల్లులు జేబులో వేసుకుని, దారి పొడుగునా దేవుణ్ణి తలుచుకుంటూ పోయాడు.

నడిమింట్లో ఎవరూ లేరు. తిరుపాలమ్మ అందరినీ పనులమీద బయటికి పంపేసింది. ఐసుపెట్టె తలుపు తెరిచి చూపించింది. లోపల చీకటి.

“కొండెక్కింది. కొత్తవి ఎయ్యి,” అంది, మామూలుగానే.

నూరుల్లా జేబులోంచి సెల్లులు తీయబోయాడు. ఆమె ఆగమంది.

“తలుపు మూస్తే ఆరుతాదని నాకు తెల్దా అప్పా? ఇన్నేండ్లు సంసారం చేసినా. ఆ పొద్దు నలుగురిలో ఆ మాట అనేసినావు. మాట కాపాడాల, ఎన్న కాపాడాల, నిన్నూ కాపాడాల. ఏం చేసేది మరి?”

నూరుల్లాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలామె నెమ్మదిగా పీట వాల్చుకుని, గోడకు చేరగిలబడి కూర్చుంది.

“ఇప్పుడు దీపం ల్యా గదా, దోషం లేదు. శానా తెలివిగా ఏందో చేసినావు. ఎట్లా చేసినావో నాకు మొదటినుంచీ చెప్పు,” అంది.

నూరుల్లా కళ్ళు తుడుచుకుని, ఆమె ఎదురుగా నేలమీద బాసిపట్టు వేసుకుని, వాషరు దగ్గర మొదలుపెట్టాడు.