చుట్టాల బిందె

తుఫాను వెళ్లాక భావనపాడులో నూతుల నీళ్లు పరీక్షించడానికి హైదరాబాదు నుంచి వాలంటీరుగా వెళ్లాను. మందున్న సీసాలో నీళ్లు పోసి ఒక రోజు ఆగాలి. నల్లబడితే ఆ నీళ్లు తాగకూడదు. అంతకు మించిన శాస్త్రం నాకు తెలియదు.

మొదటి ఇల్లు అప్పలమ్మగారిది. వాళ్ల నూతి నీళ్లు సీసాలో నింపి లేవబోతుంటే, ఆవిడ గ్లాసుడు నీళ్లతో అడ్డం నిలబడింది.

“తాగీసి ఎల్లు బాబూ. గొంతు తడవకుండా మా గుమ్మం ఎవులూ దాటరు.”

మర్యాదస్తుణ్ణి కాబట్టి తాగాను.

మర్నాటికి సీసా తారులా ఉంది. దాన్ని చూడగానే నా కడుపులో ఏదో కదిలింది. కలరా లక్షణాలు మాకు శిక్షణలో చెప్పారు; ఆ ఒక్క పాఠం అనవసరంగా శ్రద్ధగా విన్నాను. సీసా పట్టుకుని ఆవిడ ఇంటికి పరుగెత్తాను.

“ఈ నీళ్లు తాగకండమ్మా! నిన్న నేను తాగేశాను కూడా!”

ఆవిడ నవ్వింది. “ఓలమ్మ, ఏటలగ వనికిపోతన్నావు? నీకా నీల్లెందుకిస్తాను? నీకిచ్చింది టాంకరు నీల్లు. బిందెడే దొరుకుతాది, సుట్టాలకని దాసినాం. నూతి నీల్లు మేం తాగతన్నాం.”

నా కడుపు వెంటనే కుదుటపడింది. అందుకు సంతోషించే లోపే, ఆవిడ వెనక నిండు నెలల కోడలు నూతి నీళ్ల బకెట్లో గ్లాసు ముంచి నోటిదాకా తెచ్చింది.

నిన్న గ్లాసు వద్దనలేకపోయిన మర్యాదస్తుణ్ణి, ఆ అమ్మాయి గ్లాసు లాక్కుని పారబోశాను.