ముఖం చూసి తెరుచుకునేది

ముఖం చూసి తెరుచుకునే ట్యాబ్ కనిపిస్తే నాకు ఆ బస్సే గుర్తొస్తుంది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోతూ, ఎవరి ట్యాబ్ మేలని నేనూ నా మిత్రుడూ వాదించుకుంటున్నాం. నాది వేలిముద్రతో తెరుచుకుంటుంది.

"నేను నిద్రపోతాంటే నా మొగం ముందర పెట్టినా ఇది తెరుచుకోదు. కండ్లు తెరిచి చూడాల్సిందే," అని వాడు గొప్పలు పోయాడు.

ముందు సీట్లోని ఆవిడ వెనక్కి తిరిగి, సంచిలోంచి అచ్చం అలాంటిదే తీసింది.

"మా ఆయనది. ఆస్పత్రిలో తెలివి లేకుండా పండుకోనుండాడు. తెరిచే నంబరు నాకు తెలీదు. ఆయన మాట్లాడిన వీడియోలన్నీ దీంట్లోనే ఉండాయి. మొగం ముందర పెడితే తెరుచుకుంటాదా అప్పా?"

వాడు తన ట్యాబ్‌ను ఒళ్లో బోర్లా పెట్టేశాడు. వేలు పెట్టే చోటుందేమోనని నేను ఆమెది తీసుకుని తిప్పి చూశాను. లేదు.

"తెరుచుకోదమ్మా," అన్నాను.

ఆమె దాన్ని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

"సరేలేప్పా. ఆయనే కండ్లు తెరుస్తాడు."