పంటుకు సున్నా

ఇంగ్లీషు సరిగ్గా నేర్పలేదని స్వర్ణలత టీచరుకు మెమో ఇచ్చారు. ఆవిడ సంతకం పెట్టి తీసుకున్నారు.

పెనుమూడి దగ్గర హైస్కూల్లో ఆవిడది ఇరవై రెండేళ్ల సర్వీసు. వంతెన రాకముందు జనాన్ని, బళ్లను కృష్ణ దాటించిన పంటు అనే చదును పడవ మీద ఆశీర్వాదం అనే వాళ్ల నాన్న పనిచేశాడు.

మొన్న తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు విని రాసే పరీక్ష పెట్టారు. వినిపించిన రికార్డులో ఒక కుటుంబం 'పంట్' ఎక్కి నది దాటింది. దేని మీద దాటారని అడిగితే, జెన్నిఫర్ అనే పిల్ల విన్నది విన్నట్టు 'పంట్' అని రాసింది. తనిఖీకొచ్చిన అధికారి దగ్గరున్న జవాబుల కాగితంలో మాత్రం 'బోట్' అని ఉంది.

"పంటేంటమ్మా? ప్యాంటేసుకుని ఈదారా?" అని అధికారి పగలబడి నవ్వి సున్నా వేశాడు.

"అది ఇంగ్లీషు మాటేనండి. మా నాన్న..." అన్నారు టీచరు.

"మీ నాన్నగారి ఇంగ్లీషు నాకెందుకండి!"

రికార్డు వినని పెద్దమనిషి, విన్న పిల్లకు వినడం రాదని తేల్చాడు. డిక్షనరీ తెరిస్తే హోదా తగ్గిపోతుందేమో! పైగా ఆ సున్నా చూపించే టీచరుకు మెమో రాశాడు.

ఆవిడ ఊరుకున్నారు. మీరు ఊరుకోకండి. మీ ఊరి హైస్కూలుకు వెళ్లి, దిద్దిన పేపర్లు చూపించమని అడగండి. తప్పుగా దిద్ది ఉంటే మళ్లీ దిద్దించండి.