ట్రాక్టరు వెనక మా కారు

మొన్న గుండుగొలను దగ్గర హైవే మీద నా కారు ఆగిపోతే, ఫోను చేసిన గంటకి ఒక లారీ వచ్చి దాన్ని వీపు మీదికి ఎక్కించుకుని, చక్రాలకి పట్టీలు బిగించుకుని బయల్దేరింది. డీజిలు వాసన నిండిన ఆ లారీలో డ్రైవరు పక్కన కూర్చున్నప్పుడు, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచిన మాట గొంతులోకి వచ్చింది. నా చిన్నప్పుడు ఇదే రోడ్డు మీద మా కారు ట్రాక్టరుని గుద్దింది గోపాలం బాబాయి వల్ల కాదు, నా వల్ల.

అప్పట్లో మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్లం. ఎండాకాలం సెలవులు రాగానే కొల్లేటి ఒడ్డున అమ్మమ్మగారి ఊరు వెళ్లేవాళ్లం. నీళ్లు వెనక్కి తగ్గి, బురద ఎండి పలకలు పలకలుగా విచ్చుకుని, గాలి ఎటు తిరిగితే అటు ఎండుచేపల వాసన వేసేది. పొద్దున్నే తాటిముంజలు, మధ్యాహ్నం కొర్రమీను పులుసు, సాయంత్రం గట్టు మీద గోళీలాట. నాన్నగారు కొన్న పాత కారు మమ్మల్ని అక్కడికి మోసేది. నడిపేది నాన్నగారి తమ్ముడు గోపాలం బాబాయి. గేరు మారిస్తే ఒళ్లో నిద్రపోతున్న పిల్ల కూడా కదలకూడదనేవాడు. ఆ ఏడు పంట ఇంటికి రాగానే కారు తనకే ఇచ్చేస్తాననీ, గూడెం స్టేషను దగ్గర టాక్సీగా తిప్పుకోమనీ నాన్నగారు మాటిచ్చారు. బాబాయి అప్పటికే ముందు అద్దానికి పూలదండ కట్టేశాడు.

ఆ ఏడు అమ్మమ్మగారి ఊరి నుంచి తిరిగొస్తుంటే, గుండుగొలను దాటాక కారు ఆగిపోయింది. బ్యాటరీ చచ్చింది, హారను కూడా మోగలేదు. మెకానిక్కుని మాట్లాడి ఉంచుతామని నాన్నగారూ అమ్మా బస్సెక్కేశారు. బాబాయికి తోడుగా నేను మిగిలాను. ఇంతలో మా వీధి సత్తియ్య ఒట్టి ట్రాక్టరు తోలుకుంటూ గూడెం వైపు వస్తున్నాడు. గడ్డిబండికి బిగించే లావుపాటి మోకు అతని దగ్గరుంది.

కారు లాగించడం ఎలాగో నేను నేర్చుకున్నది ఆ రోజే, ఇప్పటికీ అందులో ఒక్క మాట మార్చక్కర్లేదు. తాడు బంపరుకి కాదు, కింద ఛాసిస్‌కి కట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. లాగేవాడు మెల్లగా కదలాలి, హఠాత్తుగా ఆగకూడదు. ముందు బండి నెమ్మదించగానే వెనకవాడే బ్రేకు వేస్తూ తాడు బిగువు తగ్గకుండా చూసుకోవాలి. ట్రాక్టరు చప్పుడులో కేక వినపడదు కాబట్టి బాబాయి తన భుజం మీది తువ్వాలు చూపించి ఒక గుర్తు పెట్టాడు.

"కిటికీలోంచి తువ్వాలు ఊపానంటే ఏదో కొంప మునిగిందని, వెంటనే ఆపెయ్. ఏరా చిన్నా, నువ్వు మాత్రం చెయ్యి బయట పెట్టావో, వీపు చిట్లిపోద్ది!"

"ఆయ్, అలాగేనండీ. మీరు నిద్రపోకండేం!" అని సత్తియ్య నవ్వాడు.

బండి సాగింది. రెండు వైపులా కోసేసిన మళ్లు, వేడిగాలి, ముందు మోకు వీణతీగలా బిగిసి ఉంది. నేను బాబాయి వెనక సీట్లో కూర్చున్నాను. వడదెబ్బ తగలకుండా అమ్మ తడిపి నెత్తిన వేసిన తువ్వాలు అప్పటికి ఆరిపోయింది. భీమడోలు దాటాక పక్కన రైలు వచ్చింది. రైలు కనపడితే చెయ్యి ఊపకుండా ఉండగలిగిన పిల్లాడు మా గూడెంలో లేడు. నెత్తి మీది తువ్వాలు తీసి, కిటికీలోంచి సగం బయటికి వంగి, గిరగిరా తిప్పాను.

అప్పుడే సత్తియ్య వెనక్కి చూశాడు. ఉన్నచోటే ఆపేశాడు.

బాబాయి బ్రేకు తొక్కాడు గానీ, మోకు వదులై చక్రం కిందకి పోయింది, కారు ముక్కు ట్రాక్టరుకి గుచ్చుకుంది. రేడియేటరు పగిలి రోడ్డంతా నీళ్లు. బాబాయి పెదవి చిట్లింది. నేను తువ్వాలు సీటు కిందకి తోసేశాను.

ఆ సాయంత్రం గూడెంలో సత్తియ్య, "తువ్వాలు కనపడిందండీ, ఆపేశానండీ" అన్నాడు. బాబాయి తను ఊపలేదన్నాడు. "గుద్దింది చాలక అబద్ధాలొకటా?" అన్నారు నాన్నగారు. బాబాయి నా వైపు తిరిగాడు. "ఏరా చిన్నా, నువ్వు చెప్పు. నేను ఊపానా?"

"నేను చూళ్లేదు బాబాయ్" అన్నాను.

కారు అమ్మేశారు. బాబాయి రైసుమిల్లులో కాటా దగ్గర చేరాడు. మళ్లీ స్టీరింగు ముట్టలేదు.

ఇప్పుడు కోతమిషన్లు వచ్చి గడ్డిబండ్లు పోయాయి, మోకులూ పోయాయి. దారిలో ఆగిన బండిని చూసి ట్రాక్టరు ఆపే సత్తియ్యలూ లేరు. ఆ రోడ్డే ఇంకా వెడల్పయింది. బాబాయి మాత్రం ఉన్నాడు. ఆదివారం గూడెం వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చాలాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు.

"నేనే ఊపేనేమో, కంగారులో మర్చిపోయేనేమో అనుకున్నాన్రా. ఇన్నాళ్లూ అలాగే అనుకున్నా" అన్నాడు. మళ్లీ తనే, "నాకు చెబితే ఏం లాభం? అన్నయ్యకి చెప్పు" అన్నాడు.

ఆయన్ని వెంటబెట్టుకుని ఇప్పుడు నాన్నగారు నా దగ్గర ఉంటున్న ఏలూరు ఇంటికి తీసుకొచ్చాను. నాన్నగారికి చెవులు సరిగా వినపడవు. మెల్లగా మొదలుపెడితే, "ఏవిటీ? గట్టిగా చెప్పు" అన్నారు. పక్కవాటా వాళ్లకి కూడా వినపడేటట్టు చెప్పాను.

"ఆ రోజు తువ్వాలు ఊపింది నేనండీ. బాబాయి అబద్ధం చెప్పలేదు, నేను చెప్పాను. తప్పయిపోయింది, నన్ను క్షమించు బాబాయ్."