జారుతుంది, ఎగరదు

1997లో, ఎండలు ఇంకా ముదరని ఒక ఉదయం, విశాఖపట్నంలోని మా పత్రికాఫీసుకు ఒక జాలరి వచ్చి నా బల్ల మీద పాలిథిన్ సంచి బోర్లించాడు. జానెడు చేప ఒకటి నేను దిద్దుతున్న కాగితాల మీద పడింది. వీపు నీలం, పొట్ట వెండి రంగు. రెండు పక్కలా పొడవాటి రెక్కలు ఒంటికి అంటుకుని ఉన్నాయి.

“ఇదుగో బాబూ, మీ సేప. ఎగురుతాదని పేపర్లో ఏసేరు గదా. ఎగరెయ్యండి, సూత్తాను.”

గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

“నవ్వుతారేటి? మా గుంట కాలేజీ మానేసి వారమైనాది. ఇంకో నెల్లో పరీచ్చలు. ఆల్లమ్మతో రేవుకెల్లి సేపల బుట్ట మోత్తంది. మీరేసిన ముక్క సదివి ఊరంతా దాన్ని ఎక్కిరిస్తన్నారు.”

ఆయన పేరు పోలయ్య. ఆ గుంట, అంటే కూతురు, నూకరత్నం. డిగ్రీలో జువాలజీ చదువుతోంది. పేరు వినగానే నాకు గుర్తొచ్చింది. వారం కిందట పాఠకుల పేజీలో ఆ పేరు అచ్చేసింది నేనే.

అప్పట్లో నేను సబ్ ఎడిటర్‌ని. సబ్ ఎడిటర్ ఊళ్లు తిరిగి వార్తలు తేడు. వచ్చిన కాపీని, అంటే అచ్చుకు వెళ్లాల్సిన రాతను, దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో పట్టేలా కోస్తాడు. గురువారం పాఠకుల పేజీ నా బాధ్యత. అందులో సైన్సు సందేహాలకు ఒక మూల ఉండేది. ఉత్తరాలు కుప్పలుగా వచ్చేవి, చోటు మాత్రం అరచేయంత. ఆ మూలకు నూకరత్నం రాసిన ప్రశ్న వచ్చింది. మనిషి ఎప్పటికైనా పరిణామం చెంది ఎగరగలడా అని అడిగింది. వింత ప్రశ్న కదా, పాఠకులు ఇష్టపడతారని తీసుకున్నాను. శీర్షిక కూడా ఉత్సాహంగానే పెట్టాను: ‘చేప ఎగిరింది, మనిషీ ఎగురుతాడు!’ కింద ఆ అమ్మాయి పేరు, కాలేజీ పేరు.

పాత ఉత్తరాలను నెలపాటు కట్టకట్టి ఉంచేవాళ్లం. వెతికితే ఆమె పోస్టుకార్డు దొరికింది. మనిషి ఎగరడం గురించిన ప్రశ్న తర్వాత ఆమె రాసింది నా ఎర్ర సిరా గీతల కింద చదవడానికి వీలుగానే ఉంది. “మా నాన్నకు వలలో పడే రెక్కల చేప గాలి మీద జారుతుంది. ఎగరదు. జారడం నుంచి ఎగరడం ఎప్పటికైనా వస్తుందా? జారడం కూడా రాని మనిషి సంగతి ఏమిటి?”

నేను ‘జారుతుంది’ కొట్టేసి ‘ఎగురుతుంది’ అని దిద్దాను. గాలి మీద జారడమేమిటి, పాపం పిల్లకు మాట తెలియక రాసిందనుకున్నాను. ‘ఎగరదు’ అన్న మాట దానికి అడ్డొచ్చింది, అదీ కొట్టేశాను. చివరి రెండు ప్రశ్నలు చోటు చాలక పోయాయి. మిగిలిన ముక్కను నా శీర్షికతో కలిపి చదివితే తేలేది ఇది: చేప ఎగురుతుంది కాబట్టి మనిషీ ఎగురుతాడని డిగ్రీ విద్యార్థిని ఒకామె నమ్ముతోంది. ఆ ముక్కను క్లాసులో లెక్చరర్ బయటికి చదివాడట. వెనక బెంచీల వాళ్లు చేతులు రెక్కల్లా ఆడించారట. మర్నాటి నుంచి ఆమె వెళ్లలేదు.

పోలయ్య చేప రెక్కను రెండు వేళ్లతో విప్పి చూపించాడు. పల్చటి పొర, మధ్యలో విసనకర్ర పుల్లల్లాంటి ముళ్లు.

“సూడు బాబూ. ఇది రెక్క కొట్టదు. నీల్లలో తోకతో తోసుకుని పైకి లేత్తాది. ఇయి సాపుకొని జారతాది. అంతే. కాకి ఎగురుతాది, ఇది జారతాది. మా పేటలో పసిగుంటకి తెలుసు. మీకు తెలవదేటి?”

“తెలియదు పోలయ్యా,” అన్నాను. ‘ఎగరడం’ అంటే గంతు వేయడానికీ అదే మాట, గాలిలో తిరగడానికీ అదే మాట మాకు. వాళ్లు ఆ రెండింటికీ మధ్య ఇంకోటి చూశారు, దానికో మాట పెట్టుకున్నారు.

సవరణ వేద్దామని మా చీఫ్ సబ్ ఎడిటర్ దగ్గరికి వెళ్లాను. కృష్ణా జిల్లా మనిషి, మాట కటువు.

“పాఠకుల ఉత్తరానికి సవరణేంటండీ బాబూ? రేపు పదకేళికి కూడా వేస్తామా?”

“ఆ అమ్మాయి కాలేజీ మానేసిందండీ.”

ఆయన కార్డు తీసుకుని రెండుసార్లు చదివాడు. “ఇంత మంచి ప్రశ్నను మీరెందుకండీ చంపేశారు?” అన్నాడు. “సవరణ వద్దు. ఉత్తరం మొత్తం వేయండి. జవాబు కూడా తెప్పించండి.”

జవాబు కోసం ఊళ్లోనే ఉన్న ఒక రిటైర్డ్ జువాలజీ ప్రొఫెసర్ ఇంటికి వెళ్లాను. మనిషి బరువుకు సరిపడా రెక్కలు కావాలంటే ఎంత ఉండాలో, వాటిని ఆడించడానికి రొమ్ము కండ ఎంత పెరగాలో ఆయన ఓపిగ్గా చెప్పాడు. “అవసరం ఉందని పరిణామం ఏదీ ఇవ్వదు. ఉన్నదాన్నే కొంచెం కొంచెం మారుస్తుంది. అలా మారిన ప్రతి మెట్టులోనూ ఆ ప్రాణి బతికి పిల్లల్ని కనాలి. పక్షి రెక్క ఒకప్పుడు చెయ్యే. ఎగరడం కోసం చెయ్యి ఇచ్చేసింది. మనిషి ఇస్తాడా? గరిటె ఎవరు పట్టుకుంటారు?” అని నవ్వాడు. మన కొండల్లోని ఎగిరే ఉడుతకూ పేరే గొప్పట. దాని వంశం కోట్ల ఏళ్లుగా చెట్టు నుంచి చెట్టుకు జారుతూనే ఉందట.

అచ్చుకు పంపే ముందు ఈసారి రాసిన మనిషికి చూపించాలనుకున్నాను. ఫిషింగ్ హార్బర్‌కు వెళితే నూకరత్నం తల్లి పక్కన కూర్చుని చేపలకు ఐసు వేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

“నాను రాసిందొకటి, మీరేసిందొకటి సార్.”

“అవునమ్మా. తప్పు నాదే. ఇది చదువు.”

చేతులు చీర చెంగుకు తుడుచుకుని కాగితం తీసుకుంది. చదువుతున్నంతసేపూ మొహంలో ఏమీ తెలియలేదు. అయిపోయాక మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

“ప్రతి మెట్టులోనూ బతకాలన్నారు గదా సార్. మరి గబ్బిలం? అదీ మనలాగ పాలిచ్చేదే. దాని రెక్క కూడా చెయ్యే. సగం చెయ్యి, సగం రెక్క ఉన్నప్పుడు దానితో ఏటి సేసుకుందది? పట్టుకోడానికీ పనికిరాదు, ఎగరడానికీ పనికిరాదు.”

పక్కనున్న తల్లి విసుక్కుంది. “నీకెందుకే గబ్బిలం గోల? ఐసు కరిగిపోతంది, ఎయ్యి.”

ఆ ప్రశ్న పట్టుకుని ఆ సాయంత్రమే మళ్లీ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాను. “కొమ్మల మధ్య జారడానికి పనికొచ్చి ఉండొచ్చు అంటారు. నాకూ గట్టిగా తెలియదు. ఆ అమ్మాయిని కాలేజీ మానొద్దన్నానని చెప్పండి. లైబ్రరీ పుస్తకాలు కావాలంటే నా దగ్గరికి రమ్మనండి,” అన్నాడు.

గురువారం ఉత్తరం మొత్తం వచ్చింది. ‘జారుతుంది’ ఎక్కడిదక్కడే ఉంది. కింద జవాబు, దాని కింద నూకరత్నం కొత్త ప్రశ్న, ‘దీనికి మా దగ్గర సమాధానం లేదు’ అన్న ఒక వాక్యం. తప్పు ఉత్తరాన్ని దిద్దిన సబ్ ఎడిటర్‌దే అని కూడా వేశాం. సోమవారం పోలయ్య ఫోన్ చేశాడు.

“ఎల్లినాది బాబూ. ఆ లెచ్చరర్ ఏటీ అన్లేదట. ఎనక బెంచీ గుంటలు మాత్రం ‘జారే సేపొచ్చింది’ అన్నారట.”

“బాధపడిందా?”

“లేదు బాబూ. అదీ నవ్వేసినాదట. ‘ఇప్పుడు సరిగ్గా అన్నార్రా’ అన్నాదట.”

పరీక్షలు రాసింది, పాసైంది. తర్వాత బి.ఎడ్. చేసింది. తెలియని మాట కనబడితే గీత కొట్టే ముందు రాసినవాళ్లను అడగడం నాకు అప్పటినుంచీ అలవాటైంది. డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు దీన్నే మొదటి పాఠంగా చెబుతూ వచ్చాను. వాళ్లలో సగంమంది విన్నారు.

2000 దాటాక నూకరత్నం ఎలమంచిలి దగ్గర ఒక బడిలో సైన్సు చెప్పేది. ఎప్పుడైనా కలిస్తే, గబ్బిలం సంగతి తేలిందా అని అడిగేవాణ్ని. తల అడ్డంగా ఊపేది. ఇంతవరకు తవ్వకాల్లో దొరికిన గబ్బిలాల శిలాజాల్లో అతి పాతవాటికి కూడా ఎగరడానికి చాలినంత రెక్కలు ఉన్నాయి. చెయ్యి రెక్కగా మారుతున్న దశలోని గబ్బిలం ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు.