అల్ రాయ్‌లో మట్టి మిద్దె

ఆ బండికి చక్రాలున్న సంగతి నేను మర్చిపోయాను. చాలా విషయాల్లో మతిమరుపు మనిషినే, వాటన్నిటికీ నవ్వేసి ఊరుకుంటాను. ఈ ఒక్క మరుపును మాత్రం ఇన్నేళ్లయినా క్షమించుకోలేకపోతున్నాను.

చలికాలంలో కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకోవడానికి వెళ్లేటప్పుడు కారు వెనక తగిలించుకుపోయే బండి అది. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, గిన్నెలు కడుక్కునే చిన్న తొట్టి. మేం ట్రైలర్ అనేవాళ్లం. నేను పనిచేసే ఇంటివాళ్లదే. పాతబడిపోయిందని అల్ రాయ్ అనే గోదాముల పేటలో వాళ్ల గోదాం వెనక పడేశారు. ఇరాక్ సైన్యం వచ్చిన ఆ ఆగస్టులో మా ముగ్గురికీ అదే ఇల్లయింది.

ముగ్గురమంటే నేను, ఇంటి డ్రైవరు, పెద్ద మామా. కువైట్‌లో పనివాళ్లు ఇంటావిడను మామా అనీ, ఇంటాయనను బాబా అనీ అంటారు. ఈమె ఇంటాయనకు తల్లి కాబట్టి పెద్ద మామా. తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం మీదే ఉంది. కూర్చోబెట్టబోతే చాలు, కేక పెట్టేది. కొడుకూ కోడలూ పిల్లలూ ఎండాకాలం సెలవులకు దేశం దాటి వెళ్తూ ఆమెను మా ఇద్దరికీ అప్పజెప్పారు. నెలలో వస్తామన్నారు. ఈలోగా సైనికులు వచ్చారు. వాళ్లకు ఇల్లు నచ్చింది, రెండు పెద్ద కార్లూ నచ్చాయి, మేం మాత్రం నచ్చలేదు. పొమ్మన్నారు. కూరగాయలు తెచ్చే పాత పికప్ ఒక్కటి వదిలారు. తెల్లవారుజామున దాని వెనక పరుపేసి, ఆమెను పడుకోబెట్టి, మెల్లగా తీసుకొచ్చాం. గోదాం తలుపులు అప్పటికే ఎవరో విరగ్గొట్టి సామాను ఎత్తుకుపోయారు. వెనకనున్న ట్రైలర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. దాని వాలకం అలా ఉంది మరి.

డ్రైవరు రాయచోటి సాయిబు. మా పల్లె కూడా ఆ చుట్టుపక్కలే. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేదాన్ని. నెమ్మదైన మనిషి. నా నోటికి భయపడేవాడు, ఆ భయాన్ని దాచుకునేవాడూ కాదు. వచ్చిన రోజే ఒక మాట అన్నాడు.

"అమ్మీ, ఈమెను పానంతో కొడుకు చేతిలో పెట్టాల. బార్డరు అవతల సౌదీలో దిగినాడంట, పక్క గోదామాయన చెప్పినాడు. దారి తెరిస్తే సాలు, ఈ బండిని పికప్‌కు తగిలించి లాక్కపోతా. పండుకున్నామె పండుకున్నట్టే పోతాది."

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ వేరే ధ్యాస లేదు. మా ఊరి వాళ్లు బస్రా మీదుగా ఇంటిదారి పడుతున్నారని తెలిసినా మేం కదల్లేదు. అయితే దారి తెరిచేదాకా ఆమె ఆ ఎండకు బతకాలి కదా.

ట్రైలర్ కప్పు రేకు లేచిపోయింది. దాని కింద చెక్క ఏళ్ల తరబడి వానకు నాని నల్లబడింది. చిల్లుల గుండా వెలుగు చుక్కలు చుక్కలుగా లోపల పడేది. ఆమె చిన్నతనంలో వాళ్ల నాన్న ముత్యాల వేటకు పడవ మీద సముద్రంలోకి వెళ్లేవాడట. వేడికి మగతగా పడుకుని ఆ వెలుగు చుక్కల్ని చూస్తూ, "చేపలొచ్చాయి, నాన్నకు చెప్పు" అనేది అరబీలో. చెప్తాను మామా అనేదాన్ని. తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే క్షణంలో ఆరిపోయేది. ఆమె పెదవులు పగిలిపోయాయి. నాకు భయమేసింది.

కప్పు మార్చక తప్పదని అన్న కూడా ఒప్పుకున్నాడు. ఆమెను గోదాం గోడ నీడలోకి మార్చి పని మొదలుపెట్టాం. అంచుల మరలు ఒక్కొక్కటే విప్పాడు. రేకు మొత్తంగా ఊడి వచ్చింది. కింది చెక్క నానిన రొట్టెలా చేతికొచ్చింది. అడ్డకర్రల్లో రెండే గట్టివి. షువైఖ్ ఓడరేవు నుంచి వచ్చిన సామాను పెట్టెల చెక్కలు గోదాంలో మిగిలి ఉంటే, వాటిని కోసి కొత్త అడ్డకర్రలు బిగించాడు. పైన పలుచటి చెక్క, ఆపైన ఒక రేకు పరిచేస్తే ఖలాస్ అన్నాడు.

నేను కప్పు మీద కూర్చుని మేకులందిస్తున్నాను. అక్కడి నుంచి గోదాముల వెనక ఖాళీ స్థలం కనిపించింది. నేల తెల్లగా పొంగి ఉంది. దిగి వెళ్లి చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పగా ఉంది. మా ఊరి చౌడే.

మా వైపు ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పోస్తారు. చుక్క నీరు దిగదు, ఎండ దిగదు. మిట్టమధ్యాహ్నం మిద్దె కింద పడుకుంటే దుప్పటి కావాలనిపిస్తుంది. ఆ చల్లదనం అక్కడే, ఆ ఎర్రటి ఎండలోనే నా వీపుకు తగిలినట్టయింది.

"అన్నా, ఆడ చౌడుండాది."

"ఉంటే?"

"మిద్దె ఏస్తాం."

నవ్వాడు. "బండికి మిద్దె ఏందమ్మీ? రేపు లాగాల్సిన బండి. బరువు గాదా?"

"రేపటి సంగతి రేపు సూస్తాం. ఈ పొద్దు ఈమె కాలిపోతాంది. నీ రేకు కింద నువ్వు పండుకో, తెలుస్తాది."

ఇంకో మేకు దిగగొట్టాడు. కాసేపటికి, "మాది గూడా చౌడు మిద్దెనే" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. మర్నాడు తెల్లారేసరికి గోనెసంచులు వెతికి తెచ్చాడు. నేను అడగలేదు.

చెక్కలు దగ్గర దగ్గరగా పేర్చాం. వాటిమీద ప్లాస్టిక్ పట్టా, ఖర్జూరపు మట్టలు, తడిమట్టి. పైన జానెడు మందం చౌడు. నీళ్లు జారేలా వాటం వెనక్కి పెట్టి, చెక్కతో దిమ్మిస కొట్టాను. అన్న మోస్తూనే ఉన్నాడు, నేను పోస్తూనే ఉన్నాను. ఇక చాలని ఎవరమూ అనలేదు.

ఆ మధ్యాహ్నం పెద్ద మామాను లోపల పడుకోబెట్టాం. కాసేపటికే నిద్రపోయింది. నేను కింద చాప మీద వాలాను. తడిమట్టి వాసన గది నిండా ఉంది. రోడ్డు మీద ట్యాంకులు వెళ్తున్నా ఆ చప్పుడు ఎక్కడో పొలాల అవతలి నుంచి వచ్చినట్టుంది. నేను ఏ దేశంలో ఉన్నానో నాకే తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. సాయంత్రం ఆమె కళ్లు తెరిచి కప్పు వైపు చూసింది.

"చేపలేవి?"

"నీళ్లు చల్లబడ్డాయి మామా. లోతుకు పోయాయి."

తల ఊపి మళ్లీ కళ్లు మూసుకుంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆ తర్వాతి మూడు వారాలు నా బతుకులో ఎంతో సుఖపడిన రోజులు. బయట దేశం తగలబడుతుంటే నేను ఆ చీకటి చల్లదనంలో గంజి కాచి పట్టిస్తూ, ఆమె చెప్పే పడవల కబుర్లు వింటూ, తేలిపోతున్నట్టు ఉండేదాన్ని. పొద్దున్నే కప్పెక్కి పగుళ్లు మెత్తేదాన్ని. నా మిద్దెను చూసుకుని నాకు గర్వం. టైర్లు నేలకు అణిగిపోతుండటం నా కంటికి ఆనలేదు.

ఒకరోజు కబురొచ్చింది. సౌదీ వైపు బార్డరు తెరిచారు. పక్క గోదామాయన అప్పుడే బయల్దేరుతుంటే, "కొడుక్కు చెప్పండి బాబా, తెల్ల ట్రైలర్‌లో అమ్మను తెస్తున్నాం" అన్నాడు అన్న. మర్నాడు పొద్దున్నే టైర్లలో గాలి కొట్టి, ట్రైలర్‌ను పికప్‌కు తగిలించాడు. నేను లోపల ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కొడుకు దగ్గరికి వెళ్తున్నామని చెబితే జుట్టు దువ్వమంది, దువ్వాను. "యల్లా, పోదాం" అన్నాడు అన్న.

ఒక్క మూలుగు మూలిగింది బండి, కదల్లేదు. రెండోసారి లాగేసరికి కింద ఫెటీలుమని ఏదో విరిగింది. బండి పక్కకు ఒరిగి, ఆమె వచ్చి నా మీద పడింది.

నేను దిగేసరికి అన్న బండి కింద పడుకుని చూస్తున్నాడు. లేచి దుమ్ము దులుపుకుని కప్పు వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

"స్ప్రింగు పట్టీలు ఇరిగినాయి. ఇరుసు గూడా వంగింది."

పార తీసుకుని కప్పెక్కాను. పిచ్చిదానిలా మట్టి కిందికి తోస్తూనే ఉన్నాను. చేతులు బొబ్బలెక్కాయి.

"దిగమ్మీ" అన్నాడు కింద నుంచి. "ఇప్పుడు తీసినా ఏం గాదు."

ఆమెను పికప్ వెనక పడుకోబెట్టి బయల్దేరాం. వీధి చివరికి వెళ్లేలోపే ఆ ఎండకూ కుదుపులకూ ఆమె కళ్లు తేలేసింది. వెనక్కి తీసుకొచ్చేశాం. షువైఖ్ గ్యారేజీలన్నీ ఊడ్చుకుపోయి ఉన్నాయి. ఒక్క స్ప్రింగు కోసం అన్న రోజూ పోయి వట్టిచేతులతో వచ్చేవాడు. ఈలోగా బార్డరు మూసేశారు. బండి విరిగిన సాయంత్రమే, తీసిన మట్టిని నేనే మళ్లీ కప్పు మీద పోశాను. ఇంకేం చేయను?

చలికాలం వానలొచ్చాయి. ఒక పొద్దున ఆమె, "బయట వానా?" అని అడిగింది. అవునన్నాను. "వినబడటం లేదే" అంది. కిటికీ తెరిచి ఆమె చేతిని చినుకుల్లోకి చాపాను. ఆ తడి అరచెయ్యిని చాలాసేపు చూసుకుంది. అప్పటికే దగ్గు పట్టుకుంది. విమానాలు బాంబులు వెయ్యడం మొదలైన వారంలో, ఒక ఉదయం, నా చేత్తో రెండు గుక్కల చాయ్ తాగి వెళ్లిపోయింది. అన్న ఎక్కడి నుంచో ఇద్దరు ఆడవాళ్లను పిలుచుకొస్తే వాళ్లు చివరి స్నానం చేయించారు. నేను నీళ్లందించాను.

కొడుకు వచ్చేసరికి చమురు బావుల పొగతో మిట్టమధ్యాహ్నమే దీపం పెట్టుకునే రోజులు. తల్లి సంగతి అప్పటికే ఎవరో చెప్పారు. ట్రైలర్‌లోకి వచ్చి ఆమె మంచం మీద కూర్చున్నాడు.

"యుద్ధంలో చక్రాలు చెడిపోయాయి బాబా, తీసుకురాలేకపోయాం" అన్నాడు అన్న. నా కోసం ఆడిన అబద్ధం అది.

నేను ఉండబట్టలేకపోయాను. "కాదు బాబా. ఎండ తగలకూడదని కప్పు మీద మట్టి నేనే పోశాను. ఆ బరువుకు విరిగాయి."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. చెయ్యి పైకి చాపి కప్పు చెక్కల్ని తడిమాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. మా కబురు అందిందట. బార్డరు తెరిచి ఉన్న అన్ని రోజులూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవతల రోడ్డు పక్కన నిలబడ్డాడట.

"తెల్ల ట్రైలర్ కనిపిస్తే చాలు, దాని వెంట పరుగెత్తేవాణ్ని" అన్నాడు.

ఆ రోజుల్లో పెద్ద మామా నా మిద్దె కింద చల్లగా నిద్రపోతూ ఉంది.