రెండు పుస్తకాల్లోనూ లేని పేరు

రెండు వందల పన్నెండో పేరు చదివాక జాబితా అయిపోయింది. కాగితం తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. మళ్లీ ముందుకు తిప్పాను. హాలు చివర, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో దానయ్య అంకుల్ ఇంకా నిలబడే ఉన్నారు. పక్కన ఆయన భార్య తారాదేవి ఆంటీ. పాపం, ఆవిడ మా వాళ్ల మీటింగుకి రావడం అదే మొదటిసారి. పట్టుచీర కట్టుకుని వచ్చింది.

ఆయన పేరు నేను చదవలేదు. చదవడానికి అది అక్కడ లేదు.

ఇంటిల్లిపాదికీ వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాక, వండినావిడకి కంచమే పెట్టలేదని తెలిస్తే ఎలా ఉంటుంది? అలా ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు హైమావతి. మాది తెనాలి. సింగపూర్ వచ్చి పద్నాలుగేళ్లు, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని, జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాటు. మా అమ్మాయి తన్మయిని విలువిద్యలో చేర్పించి, గంటల తరబడి బెంచీ మీద కూర్చోలేక నేనూ విల్లు పట్టాను. బాణం ఎటు పోయినా నోరు మాత్రం సూటిగా పోతుంది కాబట్టి ఆ క్లబ్బుకి నన్ను కార్యదర్శిని చేశారు.

మాది రింగుల క్లబ్బు. రంగు వలయాలున్న బోర్డుని కొడతాం, మార్కులు వేసుకుంటాం, పతకాలకి పోటీ పడతాం. అదే మైదానంలో ఆదివారాలు ఇంకో క్లబ్బు. వాళ్లు ఫోమ్‌తో చేసిన పందినీ, జింకనీ, ఎలుగుబంటినీ చెట్ల మధ్య నిలబెట్టి కొడతారు. సింగపూర్‌లో వేటాడనివ్వరు కాబట్టి ఏడాదికోసారి ఆస్ట్రేలియా వెళ్లి నిజం పందుల్ని వేటాడి వస్తారు. వాళ్ల నాయకుడు జయరాం. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం, రైళ్లు బాగుచేసే ఉద్యోగం. మనిషి మంచివాడే. ఆ మాట అతనితో మాత్రం ఎప్పుడూ అనలేదు.

శనివారం మేం, ఆదివారం వాళ్లు. రెండు రోజులూ వచ్చేది దానయ్య అంకుల్ ఒక్కరే.

ఆయనకి అరవై ఒకటి. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఏ ఊరో ఆయనకి తెలియదు, యాస మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మధ్యలో మలయ్ మాటలు, వాక్యం చివర ఇక్కడివాళ్లందరూ తగిలించే 'లా'. జురాంగ్ ఐలాండ్ రిఫైనరీ‌లో ముప్ఫై నాలుగేళ్లుగా పైపులకీ వాల్వులకీ మరమ్మతులు చేస్తున్నారు. ఆ చేతులకి విల్లు ఒక లెక్క కాదు. నారిని బొటనవేలితో ఒకసారి తడిమి, ఏ పోగు తెగబోతోందో చెప్పేస్తారు. నా విల్లుకి నారి వేసింది ఆయనే, జయరాం విల్లుకి వేసిందీ ఆయనే. వాళ్ల ఫోమ్ పందికి చెవి ఊడితే అతికించి, ఎండకి వెలిసిపోకుండా రంగు పూసిందీ ఆయనే. తన్మయి మొదటిసారి బోర్డు మధ్యలో కొట్టినప్పుడు నాకంటే ముందు ఆయన కళ్లు తుడుచుకున్నారు. పిల్ల అది చూసి ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆయన మైదానానికి వచ్చిన కథ కూడా ఆయనలాంటిదే. ఇరవై రెండేళ్ల కిందట బస్సులో పోతుంటే, గేటు తాళం తుప్పుపట్టి రాక ఒక ముసలాయన తంటాలు పడుతూ కనిపించాడట. దిగి, సంచీలోంచి పనిముట్టు తీసి, నూనె వేసి తెరిచారట. ఆ ముసలాయన మా క్లబ్బు పెట్టిన పార్థసారథి గారు, ఇప్పుడు లేరు. మారు తాళంచెవి అంకుల్ చేతిలో పెట్టి, "నువ్వు మనవాడివయ్యా, ఇది నీ దగ్గరుంచు" అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడల్లా అంకుల్ జేబు తడుముకుంటారు. తాళంచెవి అక్కడే ఉంటుంది.

ఇక గొడవ. మైదానం మంజూరు చేసే ఆఫీసుకి మేమొక ఉత్తరం రాశాం, ఆ జంతువుల బొమ్మలు తీయించండి, పిల్లలు జడుసుకుంటున్నారు అని. వాళ్లొక ఉత్తరం రాశారు, శనివారం కూడా మాకు కావాలి అని. ఆఫీసుకి విసుగొచ్చింది. విల్లు పట్టేవాళ్లందరి తరఫునా ఒకే సంఘం వస్తే మాట్లాడతాం, లేకపోతే మైదానం ఇంకొకరికి ఇస్తాం అని కబురు పెట్టింది.

"వేటగాళ్లతో కలిస్తే ఏ స్కూలూ మా దగ్గరికి పిల్లల్ని పంపదు" అని నేను.

"కలిస్తే మమ్మల్ని దాచేస్తారక్కా. వేట అన్న మాట లెటర్‌హెడ్ మీద కూడా రానివ్వరు" అని జయరాం.

తిండి కొట్ల హాకర్ సెంటర్‌లో టీ గ్లాసుల ముందు ఇద్దరం గొంతులు పెంచుకుంటుంటే దానయ్య అంకుల్ మధ్యలో కూర్చుని విన్నారు. విని, విని, చివరికి అన్నారు. "ఏటమ్మా హైమా, రోడ్డు మీద పోయేవోడికి మీ తేడా తెలుస్తాదేటి? పందిని కొట్టినా సున్నాని కొట్టినా ఆడికి విల్లు విల్లే. ఒక్కడి మీద కంప్లయింటొస్తే ఇద్దర్నీ గెంటీస్తారు లా. ఒక్క సంఘం ఉంటే మాటాడ్డానికి ఒక్క మనిషైనా ఉంటాడు."

మాకున్న అసలు భయం వేరే. కొత్త సంఘం పదవులకి ఓటు పెట్టే ముందు అవతలివాళ్లు చుట్టాలనీ స్నేహితులనీ రాత్రికి రాత్రి చేర్చేసుకుంటారని. దానికీ ఆయనే ఉపాయం చెప్పారు. "ఇవాళ రెండు క్లబ్బుల మెంబర్ల పుస్తకాల్లో ఉన్న పేర్లే కొత్త సంఘంలోకి. ఆ తరవాత ఎవరొచ్చినా వరసలో నిలబడాల. మంత్రైనా సరే, మా బావమరిదైనా సరే. మెంబరు కానోడు గేటు లోపల అడుగెట్టకూడదు."

నాకూ జయరాంకీ ప్రాణం లేచొచ్చింది. పేపర్ నాప్కిన్ మీద అప్పుడే రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. తర్వాత రెండు నెలలు అంకుల్ డ్యూటీ దిగి, ఒంటి మీద ఆయిలు వాసనతోనే, ఊగిసలాడుతున్న వాళ్ల ఇళ్లకి బ్లాకు బ్లాకూ తిరిగారు. వేటగాళ్ల ఇంట్లో రింగులవాళ్ల మంచి చెప్పారు, రింగులవాళ్ల ఇంట్లో వేటగాళ్ల మంచి చెప్పారు. సంఘం కుదిరింది. మొదటి సమావేశంలో ఒక్కొక్క పేరూ చదవాలి, వాళ్లొచ్చి సంతకం చేసి కొత్త కార్డు తీసుకోవాలి. రెండు జాబితాలూ కలిపి టైపు చేసింది నేనే.

అలా రెండు వందల పన్నెండు.

జయరాం వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాను. "అంకుల్ మీ జాబితాలో కదా ఉండాలి?"

అతను తెల్లబోయాడు. "అదేంటక్కా! దానయ్యన్న మీ క్లబ్బు మనిషి కదా? పార్థసారథి గారే తాళంచెవి ఇచ్చారంటగా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇరవై రెండేళ్లు మేం ఆయన్ని వాళ్లవాడనుకున్నాం, వాళ్లు మావాడనుకున్నారు. ఆయన తను ఇద్దరివాణ్ణనుకున్నారు. ఇంతమందిమి ఉన్నాం, చదువుకున్నవాళ్లం, కంప్యూటర్లున్నవాళ్లం, ఒక్కరికీ అనుమానం రాలేదు!

"అమ్మా, అంకుల్ పేరు జస్ట్ యాడ్ చేసేయ్ లా! వాట్స్ ద ప్రాబ్లమ్?" అని ముందు వరసలోంచి తన్మయి అరిచింది.

నేను పెన్ను తీశాను. తీశానో లేదో, మా క్లబ్బులోంచే ఒకాయన లేచాడు. "అయితే మా తమ్ముడి పేరు కూడా రాయండి." అటువైపు నుంచి ఇంకొకడు, "మావాళ్లు నలుగురున్నారు." ఆ మొదట లేచిన మనిషి విల్లు మొన్ననే అంకుల్ బాగుచేశారు. నా కళ్ల ముందే.

దానయ్య అంకుల్ నెమ్మదిగా ముందుకు నడిచి వచ్చారు. "సూసావా పాపా" అన్నారు తన్మయితో. "అందుకే ఆ రూలు ఎట్టించినాను. నాకోసం ఇప్పీస్తే మొత్తం ఊడిపోతాది."

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. చేతిలో పెట్టలేదు, బల్ల మీద పెట్టారు. "వరసలో నా నంబరెంతో సూడు జయరాం."

జయరాం ఫోనులో చూశాడు. చేరడానికి కాచుకున్నవాళ్లు అప్పటికే ఎనభై ఆరుగురు. ఏడాదిన్నర పట్టొచ్చు. "ఎనభై ఏడు అన్నా" అన్నాడు, పైకి చూడకుండా.

అంకుల్ తలూపారు. తారాదేవి ఆంటీ మాత్రం కదల్లేదు. నా మొహంలోకి చూస్తూ, తిట్టకుండా, నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

"అయితే ఇన్నేళ్లూ శనాదివారాలు ఈయన ఎక్కడికి వొచ్చీవోరమ్మా?"



ఇంటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. తప్పు నాది కాదని తేలాలి, అంతే. జయరాంది కావాలి, లేదా చనిపోయిన పార్థసారథి గారిదైనా కావాలి. కార్యదర్శి ఫైళ్లన్నీ నేల మీద పరిచి ఒక్కొక్క కాగితం చూశాను. మూడో ఫైల్లో దొరికింది.

సభ్యత్వం ఫారం. ఎనిమిదేళ్ల కిందటి తేదీ. పెద్ద పెద్ద అక్షరాల్లో నింపి ఉంది. పేరు దానయ్య, పని ఫిట్టర్, చిరునామా టోవా పాయో. ఎందుకు చేరాలనుకుంటున్నారు అన్నచోట ఒకే ముక్క: చాలా ఇష్టం.

అప్పుడు గుర్తొచ్చింది. నేను కార్యదర్శినైన కొత్తలో ఆయన ఈ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. నేను నవ్వాను. "మీకు ఫారమేంటి అంకుల్, మరీను! మీరు మనవాళ్లేగా!" అన్నాను. గౌరవం చేశాననుకున్నాను. ఆయనా నవ్వి, కాగితం అక్కడే వదిలి, బాణాల పని చూసుకోవడానికి వెళ్లిపోయారు.

కాగితం తిప్పాను. వెనకవైపు నా చేతిరాత. ఆ శనివారం మకాన్‌కి, అంటే అందరం కలిసి తినే విందుకి, ఎవరేం తేవాలో జాబితా. పులిహోర హైమ, చికెన్ సాయి కిరణ్, ఐసు, గ్లాసులు ఎవరెవరివో. అన్నిటికంటే పైన: పొయ్యి, గ్యాసు, పెద్ద గిన్నెలు, దానయ్య అంకుల్.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి టోవా పాయో వెళ్లాను. తలుపు ఆంటీ తీసింది. ఆదివారం ఆ వేళకి అంకుల్ ఇంట్లో ఉండడం ఆవిడకే కొత్తలా ఉంది, రెండో కాఫీ గ్లాసు కోసం అలమర వెతుకుతోంది. ఆయన బాల్కనీలో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. ఆ చేతుల్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

ఫారం ఇచ్చాను. "అంకుల్, తప్పు నాది. పూర్తిగా నాది. ఈ తేదీ ప్రకారం మీరు అందరికంటే ముందు. కమిటీలో పోట్లాడతాను."

కళ్లజోడు పెట్టుకుని ముందువైపు చదివారు. తిప్పి వెనకవైపు చదివారు. చిన్నగా నవ్వారు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు వెతికాను, ఉంటే బాగుండుననిపించింది. లేదు.

"పుస్తకంలో ఎక్కనిది ఎక్కనట్టే హైమమ్మా. ఎనభై ఆరుమంది నిలబడుంటే నేను ముందుకెళ్లి చోపు చేస్తానేటి? హాకర్ సెంటర్లో టిష్యూ పేకెట్టెట్టి కుర్చీ ఆపుకున్నట్టు?" అని కాగితం మడిచి నాకే ఇచ్చేశారు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తారు. "అవునూ, వొచ్చే శనివారం సంఘం కలిసినందుకు మకాన్ అన్నారు కదా. పొయ్యీ గిన్నెలూ కడిగి ఉంచినాను. తెమ్మంటావా? నాను లోపలికి రాకూడదు గదా. గేటు కాడ దింపీసి వొచ్చీనా?"

ఆ మకాన్ ఆహ్వానం రెండు వందల పన్నెండు మందికి నేనే పంపాను. చివర్లో, అక్షరాలు లావు చేసి, సభ్యులకు మాత్రమే అని రాసిందీ నేనే.